ఎవరి గడ్డ మీద ఎవరి జెండా

మొన్న ఏప్రిల్‌లో ఒంటిపూట బడి వదిలే వేళకు మా ఏడో తరగతి పిల్లలు ఇద్దరు కలబడ్డారు. ఇద్దరిదీ ఒకే తండా, వరసకు బావాబామ్మర్దులు. ఒకడు యూనిఫాం కింద పసుపు చొక్కా తొడుక్కొచ్చి, గంట కొట్టగానే పైచొక్కా గుండీలు విప్పి చూపించాడు. రెండోవాడు హైదరాబాద్ జట్టు మనిషి. వాడు పసుపు చొక్కాను చూసి ఒకే మాట అన్నాడు: "ద్రోహి". ఆ మాటకే చేతులు లేచాయి.

విడదీసి నిలబెట్టి అడిగాం. "తెలంగాణల పుట్టి చెన్నై జెండా పట్టుకుంటడా సార్?" అన్నాడు మొదటివాడు. పసుపు చొక్కావాడు ముక్కు తుడుచుకుంటూ, "హైదరాబాదోళ్లు నన్నెప్పుడన్న అడిగిన్రా సార్? ఉప్పల్ ఎట్లుంటదో నాకేమెరుక? టీవీల అన్ని టీములు ఒక్కతీర్గనే కనవడ్తయి" అన్నాడు.

ఇద్దరికీ నీళ్లు తాగించి ఇంటికి పంపించాం. తగాదా అక్కడితో అయిపోయింది. వాళ్లు సాయంత్రానికల్లా కలిసి గోలీలాడుకుంటూ కనిపించారు కూడా. మాకు మాత్రం ఆ మాట పోలేదు. పన్నెండేళ్ల పిల్లవాడు ఏం చేస్తే ద్రోహి అవుతాడు? మిర్యాలగూడకు అవతల, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా తండా ఏ జట్టుకు చెందిన గడ్డ? ఒక జట్టు గడ్డ మీదికి ఇంకో జట్టు వచ్చి "మావైపు రండి" అని పిలవడం న్యాయమేనా? ఆటల పేజీలో తేలిపోయే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, పంతుళ్లమైన మనకూ, తండా పిల్లలకూ ఇది చాలా దగ్గరి ప్రశ్న. ఎందుకు దగ్గరో కాస్త ముందుకు పోయాక చెబుతాం.

ఇలాంటి తగువు ఫుట్‌బాల్ లోకంలో పాతదే. 2009 వేసవిలో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరం నడిబొడ్డున పెద్ద నీలి హోర్డింగు ఒకటి లేచింది. చేతులు చాచి నిలబడ్డ కార్లోస్ తెవెజ్ బొమ్మ, దాని మీద "మాంచెస్టర్‌కు స్వాగతం" అని రాత. పెట్టించింది మాంచెస్టర్ సిటీ క్లబ్బు. అంతకుముందు దాకా తెవెజ్ ఆడింది ఎదుటి క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు. యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రఫర్డ్ నగర హద్దుకు బయట, పక్కనున్న ట్రఫర్డ్ పరిధిలో ఉంటుంది. అంటే ఆ బోర్డు ఆటగాడిని పిలిచినట్టే పిలిచి, ఎదుటివాళ్లతో "మీరసలు ఈ ఊరివాళ్లే కాదు" అంటున్నది. యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్‌కు కోపమొచ్చి వాళ్లది చిన్న క్లబ్బు, చిన్న బుద్ధి అని తీసిపారేశాడు. మాకు ఇందులో ఆసక్తిగా తోచింది ఆ కోపం కాదు. ఒక్క బోర్డుతో ఊరి హద్దు ఎక్కడిదన్న తగువే కొత్తగా మొదలైంది చూశారా, అది. గడ్డ అనేది అక్కడ ముందే పడి ఉన్నది కాదు, ఎవరో గీసుకుంటున్నది.

మన వైపు ఫుట్‌బాల్ తక్కువ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు, అన్నిటికంటే క్రికెట్ తెలుసు. కాబట్టి ఇక్కడి కథ క్రికెట్‌లోనే వెతకాలి. సూర్యాపేట బస్టాండు దగ్గర తోపుడుబండి మీద అన్ని జట్ల చొక్కాలూ ఒకే తాడుకు వేలాడతాయి. అమ్మేవాడు నీ ఊరేదని అడగడు, నీ సైజెంతని అడుగుతాడు.

2024లోనూ 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు తన సొంత మైదానం లెక్కలో కొన్ని మ్యాచులు విశాఖపట్నంలో ఆడింది. ఆ జట్టు యజమానుల్లో ఒకరు జీఎంఆర్ వాళ్లు, వాళ్ల మూలం ఉత్తరాంధ్రలోని రాజాం. అయినా జట్టు పేరు ఢిల్లీ. 2024 మార్చి 31న అక్కడికి చెన్నై జట్టు వచ్చింది. ఆతిథ్యం ఇచ్చింది ఢిల్లీ, ఊరు తెలుగువాళ్లది, గ్యాలరీలు చూస్తే పసుపు. ధోనీ 16 బంతుల్లో 37 పరుగులు కొట్టి నాటౌట్‌గా నిలిచాడు, చెన్నై 20 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడినా జనం సంబరంగానే ఇళ్లకు పోయారు. మరుసటి ఏడు మార్చి 30న అదే మైదానానికి హైదరాబాద్ జట్టు వచ్చింది. తెలుగు నేల మీద ఢిల్లీవాళ్లు ఇంటివాళ్లు, హైదరాబాద్‌వాళ్లు చుట్టాలు. గెలిచింది ఢిల్లీ. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న విశాఖ పిల్లవాడు ఎవరికి చప్పట్లు కొడితే ద్రోహం అవుతుంది? మా ఏడో తరగతి న్యాయమూర్తిని ఈ ప్రశ్న అడిగితే తల గోక్కున్నాడు.

ఇంకా దగ్గరికి వద్దాం. మా బడి దాటి వాడపల్లి దారి పడితే విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడతాయి. మొదట అది రాశి సిమెంట్ వాళ్లది. 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు చెన్నై జట్టును వేలంలో కొన్నది ఆ ఇండియా సిమెంట్సే. తర్వాత జట్టును వేరే కంపెనీగా విడదీశారు, సిమెంటు కంపెనీ 2024 చివర్లో అల్ట్రాటెక్ పాలైంది, అది వేరే సంగతి. చాలా ఏళ్లు చెన్నై జట్టును పోషించిన కంపెనీకి మన దామరచర్ల మండలంలో సున్నపురాయి సిమెంటుగా మారేది. మరి హైదరాబాద్ జట్టో? 2009లో కప్పు గెలిచిన దక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయింది. దాని చోట కొత్త జట్టును కొన్నది చెన్నైలో ఉన్న సన్ టీవీ కంపెనీ. 2013 నుంచి ఆడుతున్న సన్‌రైజర్స్ వాళ్లదే. హైదరాబాద్ జెండా పట్టినవాడి యజమాని చెన్నైలో ఉన్నాడు, చెన్నై జెండా పట్టినవాడి సిమెంటు మన ఊళ్లో తయారైంది. రాంచీ మనిషి ధోనీ చెన్నైవాళ్లకు ఇంటి పెద్దకొడుకయ్యాడు. అతన్ని రాంచీలో ఎవరూ ద్రోహి అన్నట్టు మేము వినలేదు.

కాబట్టి జట్లు చెప్పే "మా గడ్డ" అన్న మాటలో పస తక్కువ. అభిమాని ఎవరి పొలమూ కాదు, గట్టు వేసుకుని కాపలా కాయడానికి. పిల్లవాడి ఇష్టం మీద ఊరి పేరుతో హక్కు చెప్పుకోవడం మాకు తప్పుగానే తోస్తుంది.

మన పెద్దలకు ఈ మాట చెబితే ఒప్పుకోరు. మా మేనమామ కోదాడ అవతల ఉంటాడు. వాళ్ల తండా నుంచి రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్ర. ఆయన అంటాడు, "గడ్డకు హద్దు లేదంటివా, రేపు గడ్డే ఉండది" అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కరువు నెలలో అప్పిస్తామని నవ్వుకుంటూ వచ్చినవాళ్లే పంట నెలలో చెలక రాయించుకున్న సంగతులు ప్రతి తండాలోనూ ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటో నంబరు చట్టం అడ్డుకట్టగా నిలిచింది. దాన్ని కాపాడుకోవడానికి మన సోదర తెగలు ఇప్పటికీ పోరాడుతున్నాయి. మన నల్లగొండ, సూర్యాపేట తండాలకు ఆ నీడ కూడా లేదు, మనవి షెడ్యూల్డు ప్రాంతాలు కావు. హద్దు విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కానీ భూమికి పనికొచ్చే కొలతను మనసుకు పెట్టకూడదని మా అభిప్రాయం. చెలక పోతే తిరిగి రాదు. ఇవాళ పసుపు చొక్కా వేసుకున్నవాడు రేపు విప్పేయగలడు. పైగా మన వాళ్లు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగినవాళ్లు. ఒకే భాష మాట్లాడే మనం తెలంగాణలో, ఆంధ్రలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. గీతలు మారితే మన పేరే మారిపోతుంది. అలాంటి మనం గీత అవతలి జెండాను చూసి ద్రోహం అనడం వింతగా లేదా?

ఇక్కడితో ఆపేస్తే మా వాదన సుఖంగా ముగిసేది. అడగడంలో తప్పు లేదు, వెళ్లడంలో తప్పు లేదు, అంతే కదా అని. కానీ మేము పంతుళ్లం. ప్రతి జూన్‌లో బడిబాట అని జెండాలు, బ్యానర్లు పట్టుకుని మేము చేసే పని సరిగ్గా ఇదే. ప్రైవేటు బడి బస్సు ఆగే చెట్టు కిందికే పోయి నిలబడతాం. "మా బడికి పంపండి, పుస్తకాలిస్తాం, బట్టలిస్తాం, మధ్యాహ్నం బువ్వ పెడతాం" అంటాం. ఒకసారి ఒక ప్రైవేటు బడి యజమాని మాతో గొడవ పెట్టుకున్నాడు. "నా పిల్లలను నా ఊళ్లకొచ్చి లాక్కపోతరా?" అన్నాడు. మేము నవ్వాం. పిల్లలు నీవాళ్లెప్పుడయ్యారు, తల్లిదండ్రుల ఇష్టం కదా అన్నాం. ఆ రోజు మా నోట సరిగ్గా మా పసుపు చొక్కావాడి తర్కమే వచ్చింది.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు బైకుల మీద తండాకు వస్తారు. ఎవరికెన్ని మార్కులో, ఎవరి నాయన ఫోన్ నంబరేదో అప్పటికే వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లను చూడగానే మాకు మండుతుంది. "మా పిల్లల మీద మీ కన్నేంది?" అని మేమే అరిచాం ఒకసారి. గొంతు మాదే, మాటలు మాత్రం ఆ ప్రైవేటు బడి యజమానివి. బడిబాటకు ఒక న్యాయం, పీఆర్వోకు ఒక న్యాయం. ఉపాధ్యాయ మిత్రులు తమ తమ మనసుల్లో చూసుకుంటే ఈ రెండు నాలుకలు అక్కడా దొరుకుతాయనుకుంటున్నాం.

ఆ ఏడు మా తండా ఆడపిల్ల ఒకతి పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. మా దగ్గర ఏడు దాకా చదివిన పిల్లే. పీఆర్వో వచ్చి మొదటి ఏడాది ఫీజు లేదు, హాస్టల్ కూడా చూస్తాం అన్నాడు. సర్కారు జూనియర్ కాలేజీకి పొమ్మని మేము చెబుతూనే ఉన్నాం. పిల్ల అతని వెంట పోయింది. రెండో ఏడు రాగానే కట్టలేనంత ఫీజు ముందు పెట్టారు. దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల తిరిగి పోలేదు. సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోయాయి. పీఆర్వోకు ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తడు.

మేము మొదట అనుకున్నది, చూశారా మా గడ్డ మీదికి రానిస్తే ఇట్లయింది అని. ఆలోచించిన కొద్దీ అది నిజం కాదనిపించింది. అతను వచ్చి అడగడం వల్ల పిల్ల చెడిపోలేదు. అడిగినవాడు మాట ఇచ్చి, తలలు లెక్కపెట్టుకుని, తర్వాత లేకుండా పోయాడు. అదే తూకంలో మమ్మల్ని మేము పెట్టుకుంటే సిగ్గేసింది. బడిబాటలో పిల్లల సంఖ్య మాకెందుకంత ముఖ్యం? సంఖ్య తగ్గితే బడి మూతపడుతుంది, మా పోస్టు కదులుతుంది. ఒక ఏడు ఇంగ్లీషు మీడియం అని చెప్పి ఆరుగురిని ప్రైవేటు బడి నుంచి తెచ్చాం. ఆ ఏడే ఇద్దరు టీచర్లు బదిలీ మీద పోయారు, వాళ్ల చోట ఎవరూ రాలేదు. తెచ్చిన పిల్లలు వెనుక బెంచీల్లో ఏడాదంతా బొమ్మలు గీసుకున్నారు. అందులో నలుగురు తిరిగి బస్సెక్కారు. మేము ఒక్క ఇంటికీ పోయి క్షమించమని అడగలేదు. రిజిస్టరులో పేర్లు మాత్రం ఏడాదంతా ఉన్నాయి.

క్లబ్బుల సంగతీ ఇట్లాగే తిరిగింది. హైదరాబాద్ ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊరు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నడిపించిన భారత జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆ ఊళ్లోనే 2019లో, పుణే క్లబ్బు మూతపడ్డాక దాని చోట, హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అంటే పుణే అభిమానుల కన్నీళ్ల మీదే మన సంబరం మొదలైంది, అప్పుడు మనకు అది గుర్తుకు రాలేదు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో మన జట్టు కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. తర్వాత డబ్బుల కష్టం, ఆటగాళ్ల జీతాల గొడవ, యాజమాన్యం మారడం. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి గ్యాలరీలో పసుపు చొక్కాలేసుకుని గొంతు చించుకున్నవాళ్లను ఒక్క మాట అడిగినట్టు లేదు. ఆ క్లబ్బు రంగూ పసుపే, మా ఏడో తరగతివాడికి ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేశాడు.

మరి ఇక్కడ ద్రోహి ఎవరు? జెండా మార్చిన అభిమానిని ఆ మాట అనడం మనకు అలవాటు. జెండా చేతికిచ్చి, పాట నేర్పి, తర్వాత ఊరొదిలి పోయిన క్లబ్బును అనడానికి మన దగ్గర మాటే లేదు.

లండన్‌లో వింబుల్డన్ క్లబ్బుకు అట్లా జరిగినప్పుడు అభిమానులు ఊరుకోలేదు. క్లబ్బు మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి పోవడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఏడు సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి మైదానంలో, వచ్చినవాళ్లనందరినీ ఆడించి చూసి ఆటగాళ్లను ఎంచుకున్నారు. అట్టడుగు లీగుల్లో మొదలైన ఆ జట్టు 2011 నాటికి ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కింది. అది వాళ్లదే కాబట్టి వాళ్లను వదిలి ఎక్కడికీ పోలేదు. అంత సత్తువ అందరికీ ఉండదు, మా తండా పిల్లలకు చొక్కా కొనడమే కష్టం. కానీ ఆ కథ వాళ్లకు చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దంగా విన్నది. నారింజ జట్టువాడు చెయ్యెత్తి, "మన హైదరాబాద్ టీం కూడా పోతే సార్?" అని అడిగాడు. పోవచ్చు అన్నాం. వాడు పసుపు చొక్కావాడి వైపు చూశాడు, ఏమీ అనలేదు.

ఈ జూన్ బడిబాటలో మేము మొదట పోయింది ఆ పసుపు చొక్కావాడి ఇంటికి. వాడు ఎనిమిదికి వచ్చాడు. మా బడి ఏడుతో ఆఖరు. జెడ్పీ హైస్కూలుకు పంపమని అడగాలి, ప్రైవేటు బస్సు వాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి పోయారు. కాలేజీ మానేసి ఇంట్లో ఉన్న ఆడపిల్ల వాడి అక్కే. తల్లి మాకు వరసకు అక్క అవుతుంది. గోడకు ఆనుకుని కూర్చుని మా మాటలన్నీ విన్నది. పుస్తకాలు, బట్టలు, బువ్వ అన్నీ చెప్పాం. అంతా అయ్యాక ఆమె నిదానంగా అన్నది: "బిడ్డను అడిగినోడు పోయిండు. ఇప్పుడు కొడుకును నువ్వడుగుతున్నవు. నువ్వెటు పోతవు తమ్మీ?"

బదిలీల జాబితా వస్తే మేమూ పోవలసినవాళ్లమే. అదే చెప్పాం. పిల్లకు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టిస్తామనీ, సర్టిఫికెట్ల కోసం ఆదివారం ఆమెతోపాటు ఆ కాలేజీకి వస్తామనీ, ఎక్కడికి బదిలీ అయినా ఫోన్ ఎత్తుతామనీ చెప్పాం. ఆమె నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. కొడుకును పిలిచి సార్ నంబరు రాసుకొమ్మన్నది. వాడు సుద్దముక్క తెచ్చి తలుపు పక్క గోడ మీద రాశాడు. పైన ఇంకో నంబరు ఇంతకుముందే రాసి ఉంది, కొంత చెరిగిపోయింది. ఎవరిదని అడిగితే పీఆర్వోది అన్నాడు.